మకాన్ ఒకచోట, రోజ్‌గార్ ఇంకోచోట: బందరు తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అనే మాటకి రెండర్థాలు. క్యాలెండర్లో తేదీ తారీఖే, చరిత్రా తారీఖే. ఉర్దూ మీడియం బడిలో చదివినన్నాళ్లూ ఈ రెండూ ఒకే మాటలో ఎందుకు ఇరుక్కున్నాయో నేను పట్టించుకోలేదు. పత్రికలో చేరి బందరు పోర్టు వార్తలు రాయడం మొదలెట్టాక ఆ రెండర్థాలూ నాకు కలిసే కనిపిస్తున్నాయి. 2008 ఏప్రిల్ 23, వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన. 2019 ఫిబ్రవరి 7, చంద్రబాబునాయుడు పనుల ప్రారంభం. 2023 మే 22, జగన్మోహన్‌రెడ్డి మళ్లీ శంకుస్థాపన, ఈసారి తపసిపూడిలో. ఒక్క పోర్టుకి మూడు సంగె బునియాద్‌లు. బందరు చరిత్ర రాయమంటే మా విలేకరులు చాలామంది ఈ తారీఖుల జాబితానే రాసిచ్చేస్తారు.

నేను పోర్టు గురించి రాయబోవడం లేదు. ఈ తారీఖుల మధ్య బందరు జనం ఎక్కడ తలదాచుకున్నారు, ఏం చేసి పొట్ట పోసుకున్నారు, ప్రభుత్వాలు వాళ్లకి ఇళ్లూ పనీ ఇస్తామని ఏమేం చేశాయి, అది చెప్పాలని ఉంది. ఎందుకంటే ఇప్పుడు ఊరి చుట్టూ మళ్లీ కాలనీలు లేస్తున్నాయి. ఇల్లొచ్చిందన్న ఖుషీతో పాటు, "మరి పనెక్కడ చేసుకోవాలి?" అన్న సవాల్ కూడా వినబడుతోంది. ఈ సవాల్ కొత్తది కాదు. దానికీ ఒక తారీఖ్ ఉంది.

మాది గూడూరు. గూడూరు అనగానే నెల్లూరు వైపు రైల్వే జంక్షన్ అనుకునేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో నాకు ఇరవయ్యేళ్లుగా ఇదే పంచాయితీ. మా గూడూరు బెజవాడ నుంచి బందరు పోయే హైవే మీద, పామర్రు దాటాక వస్తుంది. ఇంకాస్త ముందుకెళితే బందరే. పక్కన చిట్టిగూడూరు, అక్కడ సంస్కృత కళాశాల. కప్పలదొడ్డిలో మగ్గాలు. పెడనలో మగ్గాలతోపాటు కలంకారీ. బందరుకి మేం పక్క ఊరివాళ్లం. బడికీ, కోర్టుకీ, ఆస్పత్రికీ, ఈద్ బట్టలకీ అక్కడికే పోయేవాళ్లం. కాబట్టి ఆ ఊరి సంగతులు నాకు ఇంటి సంగతులే.

బందర్ అంటే ఫార్సీలో ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది, మనకి మచిలీ బందర్ ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకి సముద్రపు దర్వాజా ఇదే. హజ్‌కి వెళ్లేవాళ్లు ఇక్కడే జహాజ్ ఎక్కేవాళ్లు. ఇరానీ సౌదాగర్లు వచ్చారు, 1606 నాటికి డచ్చివాళ్లు కోఠీ పెట్టుకున్నారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు, తర్వాత ఫ్రెంచివాళ్లు. వాళ్లందరూ పోయారు గానీ పేర్లు మాత్రం గల్లీలకి అంటుకుని ఉన్నాయి. డచ్చివాళ్ల వలందపాలెం, ఫ్రెంచివాళ్ల ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వీళ్లందరూ ఇంత దూరం వచ్చింది ముఖ్యంగా బట్ట కోసం. నేసిన బట్ట, అద్దకం బట్ట. ఖలమ్‌తో చేసే కారీ కాబట్టి కలంకారీ. అసలు ఖలమ్ పట్టి గీసేది శ్రీకాళహస్తివాళ్లు. మావాళ్లది చెక్క అచ్చుల పని. అయినా పేరు మాత్రం ఖలమ్‌దే నిలిచింది.

ఈ తిజారత్ అంతా ఏ ఫ్యాక్టరీలో జరిగింది? ఫ్యాక్టరీ అని ఇంగ్లీషువాళ్లు పిలిచింది వాళ్ల గోదాములని. బట్ట తయారైంది మాత్రం ఇళ్లలో. మగ్గం ఇంట్లోనే, రాట్నం వసారాలోనే, అద్దకం పెరట్లో, ఉతుకు కాలవలో. నేతగాడి ఇల్లే అతని కార్‌ఖానా. పెళ్లాం కండెలు చుట్టేది, పిల్లలు దారాలు అందించేవాళ్లు. ఏ పని చేసేవాళ్లు ఆ పనికి దగ్గరగా ఒకే చోట ఉండేవాళ్లు. ఆ ఇల్లూ ఆ పనీ విడదీస్తే రెండూ మిగలవు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రేవు మెల్లగా పూడుకుపోయింది. పెద్ద ఓడలు ఒడ్డుకి అయిదు మైళ్ల దూరంలో లంగరేసుకుని, సరుకు చిన్న పడవల్లో రావాల్సి వచ్చేది. 1864 నవంబరు 1 రాత్రి తూఫాన్‌తో సముద్రం ఊళ్లోకి వచ్చింది. ముప్పయి వేలమంది చనిపోయారంటారు. ఆ తబాహీ నుంచి బందరు పూర్తిగా లేవలేదు. రెండేళ్లకి, 1866లో, మునిసిపాలిటీ వచ్చింది. మన రాష్ట్రంలో పాత మునిసిపాలిటీల్లో ఇదొకటి. శవాలు ఎత్తి, బురద తీసి, మళ్లీ ఊరని పిలవడానికి పనికొచ్చేలా చేయాల్సిన పరిస్థితిలో పుట్టిన పురపాలక సంఘం అది. 1907-08లో బెజవాడ నుంచి రైలు వచ్చింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. పెద్ద ఓడలకి ఇక బందరుతో పనేముంది?

కానీ ఆ కాలంలోనే బందరువాళ్లు ఎవరి ఇమ్‌దాద్ కోసమూ చూడకుండా కొన్ని పనులు చేశారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ముగ్గురూ కలిసి. అక్కడ ఇల్మ్‌తోపాటు హునర్ కూడా నేర్పాలన్నది వాళ్ల ఇరాదా. చేతిపని చదువులో భాగమైంది. 1923 నవంబరులో పట్టాభి ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తర్వాత ఆంధ్రా ఇన్సూరెన్స్, భారతలక్ష్మీ బ్యాంకు. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, కాలేజీ ల్యాబులకి కావలసిన పరికరాలు చేసే సంస్థ. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, వరితో డబ్బొచ్చింది, ఆ డబ్బు బందరు బ్యాంకుల్లోకి వచ్చింది.

ఈ దౌర్‌ని మన చరిత్రకారులు జాతీయోద్యమం పద్దులో రాస్తారు. నాకైతే ఇది ఒక ఊరి మఆషీ కథ, ఆర్థిక కథ. రేవు పోయిన ఊరు తన కాళ్ల మీద తాను నిలబడాలని చేసిన కోషిష్. ఎంతవరకు నిలబడింది? ఆంధ్రా బ్యాంకు బందర్లో పుట్టి, హైదరాబాద్‌లో పెద్దదై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. భారతలక్ష్మీ బ్యాంకు అంతకుముందే, 1964లో, ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఊళ్లో మిగిలింది సైంటిఫిక్ కంపెనీ ఒక్కటే. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూసే సైన్యపు దూర్‌బీన్లు అక్కడ తయారవుతాయి. ఇప్పటికీ బందర్లో "ఏం చేస్తున్నాడు మీవాడు?" అనడిగితే "బెల్‌లో" అని చెప్పే నాన్న గొంతు వేరేగా ఉంటుంది.

ఇక 1977.

నవంబరు 19. నేను పుట్టకముందటి మాట. అయినా మా ఇంట్లో దాన్ని నిన్నటి సంగతిలా చెప్పుకునేవాళ్లు. మా నానీ వయసు చెప్పాలంటే "ఉప్పెన నాటికి నీ అమ్మీకి ఇన్నేళ్లు" అని లెక్క మొదలెట్టేది. దివిసీమ మీదికి అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాగాయలంక, కోడూరు. సర్కారు హిసాబ్ ప్రకారమే పదివేలకు అటూ ఇటూ చనిపోయారు. పశువులకి లెక్కే లేదు. మండలి వెంకటకృష్ణారావు ఆ శవాల మధ్యే తిరిగారు. ఎన్టీఆర్, ఏయన్నార్ జోలె పట్టారు. మదర్ తెరెసా వచ్చారు. దేశం నుంచీ, బయటి నుంచీ మదద్ వచ్చింది, అన్ని మజహబ్‌ల సంస్థలూ వచ్చాయి. మసీదు, గుడి, చర్చి అని చూడకుండా ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర జనం అన్నం తిన్నారు.

వచ్చినవాళ్లు అందరూ చేసిన మొదటి వాదా ఒకటే: ఇళ్లు కట్టిస్తాం. సమంజసమే. అంతకుముందు ఆ తీరంలో పేదవాడి ఇల్లంటే తాటాకు, మట్టి. మా వైపు చుట్టిల్లు అని ఉండేది, గుండ్రంగా కట్టి, చూరు బాగా కిందికి దింపిన ఇల్లు. గాలి దాన్ని పట్టుకోలేక చుట్టూ జారిపోయేది. గాలికి అది తట్టుకునేది గానీ, నీటికి ఏమీ చేయలేదు. అందుకే సిమెంటు ఇళ్లు, వరసగా, చతురస్రంగా లేచాయి. రెండేళ్లకి, 1979లో, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పేదలకు పక్కా ఇల్లు అన్నది ఎన్నికల మాటగానే కాక రోజువారీ మాటగా మారింది. ఆయన పుట్టిన నిమ్మకూరు మాకు దూరం కాదు, కాబట్టి మావాళ్లకి ఆ పక్కా ఇళ్లు సొంతవాడు ఇచ్చినట్టే ఉండేవి. తాటాకు మీద ఎండాకాలపు నిప్పు భయం పోవడం ఎంత పెద్ద సంగతో, ఒకసారి కాలిన గుడిసె ముందు నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు దోస్తీ లేదు.

అయితే పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఆ కాలంలో ఈ డెల్టాలోనే తిరిగి, ఎవరు ఎంత పోగొట్టుకున్నారు, ఎవరు మళ్లీ ఎంత తొందరగా లేచారు అని ఏళ్ల తరబడి లెక్కలు తీశాడు. 1992లో "పవర్, చాయిస్ అండ్ వల్నరబిలిటీ" అని పుస్తకం వేశాడు. ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. ఇల్లు ఏ రకందన్న దానికన్నా ఆ ఇంటివాడికి భూమి ఉందా, పశువులున్నాయా, అప్పు పుడుతుందా అన్నదే తూఫాన్ తర్వాత అతని గతిని తేల్చింది. ఉన్నవాడు వర్తమానం అందగానే సామానుతో ముందుగా వెళ్లిపోగలిగాడు, తిరిగొచ్చి పొలంలో దిగాడు. లేనివాడు పిల్లల్ని పట్టుకుని ఆఖరి నిమిషం దాకా ఉండి, బతికితే ఖర్జా చేశాడు. సిమెంటు ఇల్లొచ్చినా అతని కూలీ మాత్రం పెరగలేదు. ఆ పుస్తకం కింద పెట్టాక నేను మా వైపు కాలనీలని వేరే కళ్లతో చూడడం మొదలెట్టాను.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 77 తర్వాత తీరం వెంట కట్టిన తూఫాన్ షెల్టర్లు పనిచేశాయి. 1990 మే 9న అదే కృష్ణా ముఖద్వారం దగ్గర దాదాపు అలాంటి తూఫానే వచ్చింది. చనిపోయింది వెయ్యి లోపు. పదివేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ. అప్పుడు నేను చిన్నపిల్లాణ్ని, రేడియోలో "తీర ప్రాంత ప్రజలు సురక్షిత ప్రాంతాలకు" అన్న వాక్యం నాకు అలా బట్టీ వచ్చింది. ప్రాణం కాపాడడంలో హుకూమత్ నేర్చుకుంది. బతికినవాడికి బతుకు కాపాడడంలో అంతగా నేర్చుకోలేదు.

ఇల్లూ పనీ కలిపి ఆలోచించిన పథకం అసలు రాలేదా అంటే, ఒకటి వచ్చింది. 1985-86లో కేంద్రం చేనేతవాళ్ల కోసం "వర్క్‌షెడ్ కమ్ హౌసింగ్" అని పెట్టింది. అంటే మగ్గానికి షెడ్డు, మనిషికి ఇల్లు, రెండూ ఒకే మంజూరులో. పేరు చూస్తే ఢిల్లీ దఫ్తర్ భాష, కానీ ఆ పేరు పెట్టినాయనకి మగ్గం గురించి తెలిసి ఉండాలి. మా డెల్టాలో గుంట మగ్గాలు ఎక్కువ. నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంట నేలలోనే తవ్వాలి. వానాకాలంలో ఆ గుంటలోకి నీళ్లూరితే మగ్గం ఆగుతుంది, మజ్దూరీ ఆగుతుంది. కాబట్టి నేతగాడి ఇంటికి పైకప్పు కన్నా మెరక ముఖ్యం. ఇంకోటి, పడుగుకి గంజి పెట్టాలంటే పొడుగ్గా వీధి కావాలి. తెల్లవారుజామున వీధి ఈ చివర నుంచి ఆ చివరకి దారాలు చాపి, ఇంటిల్లిపాదీ నిలబడి దువ్వుతారు. నేతవాళ్ల ఊళ్లో వీధి కూడా కార్‌ఖానాయే.

ఆ పథకం కింద కొందరికి షెడ్లు వచ్చాయి, చాలామందికి రాలేదు. కానీ అసలు చిక్కు అది కాదు. అది చేనేతకే పరిమితం. అచ్చులు కొట్టే కలంకారీ మనిషి అందులో లేడు. గిల్టు నగలు చేసే అమ్మాయి లేదు. బీడీ చుట్టే ఆవిడ లేదు. ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడమనిషిని మన సర్కారు కాగితాలు "గృహిణి" అని రాసుకుంటాయి, ఆమె చేతుల్లో ఏముందో చూడకుండా.

చిలకలపూడి నగల మాట ఎత్తకుండా బందరు చరిత్ర పూర్తికాదు. రోల్డ్‌గోల్డ్ అంటే ఆంధ్రా అంతా చిలకలపూడే. "చిలకలపూడి బంగారం" అని వేళాకోళం చేసేవాళ్లు చేస్తారు గానీ, పెళ్లికూతురు మెడలో మెరిసేది అసలుదో మా బందరుదో దగ్గరికెళితే తప్ప చెప్పలేరు. ఇత్తడి, రాగి తీగ లాగడం, లింకులు చేయడం, వాటిని ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసు అల్లడం, అతకడం, రాళ్లు పొదగడం, చివరికి పైన బంగారం పూత. పూత, అతుకు షాపువాళ్ల దగ్గర. లింకులు కలపడం, రాళ్లు పెట్టడం ఇళ్లలో. ఇనగుదురుపేటలో మా ఖాలా ఇంటికి వెళితే చాపమీద తీగ ముక్కలు, పళ్లెంలో రాళ్లు, మధ్యలో ఖాలా, ఇద్దరు ఆపాలు. జొహర్ నమాజ్ కీ, వంటకీ, పిల్లల బడికీ మధ్య దొరికే ఖాళీలన్నీ కలిపితే అది ఒక రోజు కూలీ. డజనుకి ఇంత అని లెక్క. ఆవిడ నాతో మాట్లాడుతూ కూడా చేతులు ఆపేది కాదు. "బేటా, బాతాఁ ముఁ సే కర్తే, హాత్ కా క్యా కామ్ ఉస్మే?" అనేది. మాట్లాడేది నోరు, చేతులకేం పని దాంతో, అని.

పూతలో వాడే ఆసిడ్లూ రసాయనాలూ గల్లీల మధ్య ఉండకూడదన్న మాట నిజం. అందుకే పోతేపల్లి దగ్గర నగల పరిశ్రమకి వేరుగా జ్యువెలరీ పార్కు పెట్టారు. ఆ నిర్ణయం నాకు నచ్చింది. కార్మికుల ఊపిరితిత్తులకీ, మురుగు కాలవలకీ అది మంచిదే. కాకపోతే పార్కు అంటే షెడ్డు కట్టగలిగిన యజమానికి జాగా. ఇంట్లో లింకులు అల్లే ఆవిడ పార్కుకి వెళ్లలేదు, పార్కు ఆవిడ దగ్గరికి రాలేదు. ఆవిడకి సరుకు తెచ్చేది, తీసుకెళ్లేది మధ్యవాడు. షాపుకి ఆవిడ ఇల్లు ఎంత దగ్గరగా ఉంటే ఆవిడకి అంత పని, అంత కూలీ.

ఇప్పుడు ఈ దగ్గర దూరాల సంగతే చూడండి. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. దాని కింద 2016 తర్వాత టిడ్కో ఇళ్లు, మూడంతస్తుల మీద అంతస్తుగా అపార్టుమెంట్లు. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు సైజులు. 2020 డిసెంబరు 25న ఇంకో ప్రభుత్వం ఇళ్లస్థలాలు పంచడం మొదలెట్టింది. పట్టణంలో ఒక సెంటు, పల్లెలో ఒకటిన్నర సెంటు, ఆడవాళ్ల పేరు మీద పట్టా. బందర్లో ఖాళీ జాగా ఎక్కడుంది? ఊరి బయట, పల్లంలో, చవుడు నేలలో. ముందు మట్టి తోలి మెరక చేసి, తర్వాత రోడ్డు వేసి, తర్వాత ఇల్లు. రెండు ప్రభుత్వాలు ఒకదాని ఇళ్లని ఇంకోటి తప్పుపట్టుకున్నాయి. ఒకటి ఫ్లాటంది, ఒకటి ప్లాటంది. నాలాంటి విలేకరులకి కొన్నేళ్లు ఆ ఝగడా రాయడంతోనే సరిపోయింది.

ఒక సెంటంటే 48 గజాల చిల్లర. అంటే 435 చదరపు అడుగులు. ఇల్లు 340 అడుగులు. మిగిలింది గోడల మందం, కాస్త సందు. ఒకటిన్నర సెంటంటే 650 అడుగులు. కప్పలదొడ్డిలో ఒక నేత పెద్దాయనతో ఈ లెక్కలు మాట్లాడుతుంటే ఆయన నా నోట్‌బుక్కు తీసుకుని గీత గీశాడు. "ఇల్లు ఇస్తే కాదనేదేముంది సాయిబుగారూ, దణ్ణం పెట్టి తీసుకుంటాం. ఇదుగో వంటిల్లు. ఇదుగో మంచం. మరి మగ్గం ఎక్కడ పెట్టమంటారు? ఇక్కడ పెడితే తలుపు తెరుచుకోదు." టిడ్కో ఫ్లాటైతే ఈ గీతలు కూడా అక్కర్లేదు. మూడో అంతస్తులో గుంట ఎవరు తవ్వుతారు?

నగలపని ఆడవాళ్ల హిసాబ్ వేరు. వాళ్లకి జాగా పెద్దగా అక్కర్లేదు, చాపంత చోటు చాలు. వాళ్లకి కావలసింది దగ్గరితనం. ఊళ్లో కిరాయి ఇంట్లో ఉన్నప్పుడు మధ్యవాడు సైకిల్ మీద రోజుకి రెండుసార్లు వచ్చేవాడు. కాలనీకి మారితే వారానికొకసారి. లేదా ఆవిడే ఆటో కిరాయి పెట్టుకుని ఊళ్లోకి రావాలి. కిరాయి ఇల్లు పోయింది, ఆటో కిరాయి వచ్చింది. కొందరు పట్టా ఉంచుకుని, ఇల్లు కట్టుకుని, తాళం వేసి, మళ్లీ ఊళ్లోనే అద్దెకుంటున్నారు. అలాంటి తాళం చూసి అఫ్సర్లు "ఇల్లు అక్కర్లేనివాళ్లు" అంటారు. వాళ్లకి ఇల్లు కావాలి. ఆ ఇంట్లో ఉంటే తిండి రాదు, అంతే.

ఆడవాళ్ల పేరు మీద పట్టా అన్నది మాత్రం చిన్న విషయం కాదు. మా ఖాన్‌దాన్‌లో మూడు తరాల్లో ఒక ఆడమనిషి పేరు దస్తావేజు మీద పడడం ఈ కాలనీలతోనే మొదలైంది. తలాక్ మాట గొంతులో ఆడే మగవాడికి, ఇల్లు భార్య పేరు మీద ఉందని తెలిస్తే ఆ మాట కాస్త ఆగుతుంది. నేను కళ్లారా చూశాను. కాబట్టి కాలనీలు దండగని నేననను. కాలనీ గీసిన మ్యాపులో పని గీయలేదని అంటున్నాను.

కలంకారీకి ఇంకో కష్టం. దానికి ఇల్లు, పెరడు మాత్రమే చాలవు, నీళ్లు కావాలి. బట్టని ముందు కరక్కాయ రసంలో ముంచాలి. ఇనుపతుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నలుపుతో, పటికతో టేకు అచ్చులు కొట్టాలి. పారే నీళ్లలో ఉతకాలి. డేగిసాల్లో జాజి ఆకు వేసి ఉడకబెట్టాలి, మళ్లీ ఉతకాలి, ఎండలో ఆరేయాలి. పెడన చుట్టుపక్కల ఇది నిలిచిందంటే కాలవలుండబట్టే. 2013లో మచిలీపట్నం కలంకారీకి జియోగ్రాఫికల్ ఇండికేషన్ వచ్చింది. అంటే ఈ పని ఈ ఊరిదే అని కాగితం మీద గవాహీ. కానీ బజార్లో స్క్రీన్ ప్రింటు బట్ట అదే డిజైనుతో సగం ధరకి దొరుకుతోంది, దాన్నీ కలంకారీ అనే అమ్ముతున్నారు. కాగితం కారీగర్ చేతిలో ఉంది, గిరాకీ ఇంకొకరి చేతిలో ఉంది. కాలవ గట్టున ఎండబెట్టే జాగాలకి రియల్ ఎస్టేటు ధర వచ్చాక, ఆ బట్టలు ఆరేది ఎక్కడో కూడా తేలడం లేదు. చేతిపనికి జాగా అన్నది ఇళ్ల పథకంలోనూ లేదు, పరిశ్రమల పథకంలోనూ లేదు.

ఇన్ని దశాబ్దాల ఇన్ని కోషిష్‌ల తర్వాత ఊరు పెరిగిందా? 2001 జనాభా లెక్కల్లో బందరు దాదాపు లక్షా ఎనభై వేలు. 2011లో లక్షా 69 వేల 892. మన రాష్ట్రంలో పట్నాలన్నీ ఉబ్బుతున్న పదేళ్లలో జిల్లా కేంద్రమైన ఈ పట్నం తగ్గింది. నా బడి దోస్తుల్లో సగం మంది బెజవాడ ఆటోనగర్లోనో, హైదరాబాద్‌లోనో, కువైత్‌లోనో ఉన్నారు. ఇక్కడ వాళ్లకి ఇల్లుంది. కొందరికి రెండు కూడా ఉన్నాయి. 2015లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. తగ్గుతున్న ఊరికి దర్జా పెరిగింది.

తర్వాత 2016లో పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. అంతకు ఏడాది ముందే పోర్టుకీ, పరిశ్రమలకీ వేల ఎకరాలు సేకరిస్తామని ఎలాన్ చేస్తే, తీరం ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. ఏళ్లపాటు వాళ్ల జమీన్ అమ్ముకోలేరు, దాని మీద అప్పు తెచ్చుకోలేరు. 2019లో పాత కాంట్రాక్టు రద్దయింది. 2023లో 5,156 కోట్ల అంచనాతో నాలుగు బెర్తుల మొదటి దశ మొదలైంది. అదే ఏడాది మెడికల్ కాలేజీ తెరిచారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బెజవాడ వేరైంది, కృష్ణా జిల్లాకి బందరు ఒక్కటే మిగిలింది. దాంతో కొన్ని దఫ్తర్లకి పని పెరిగింది, జిరాక్సు షాపులకీ పెరిగింది.

పోర్టు వస్తుందనే అనుకుందాం, ఇన్‌షా అల్లా. వచ్చినప్పుడు క్రేన్ నడిపేవాళ్లు, లారీలవాళ్లు, గోదాం గుమాస్తాలు కావాలి. వాళ్లకి కొత్తగా ఇళ్లు కావాలి. తపసిపూడి, కరగ్రహారం వైపు కొత్త లేఅవుట్లు గీస్తారు. ఆ గీతలు గీసే టేబుల్ దగ్గరికి కప్పలదొడ్డి పెద్దాయన్ని, ఇనగుదురుపేట నుంచి ఒక ఖాలాని, పెడన నుంచి ఒక అచ్చుల మేస్త్రిని పిలవమని నేను అడుగుతున్నాను. నలభై ఏళ్ల కిందట ఢిల్లీ దఫ్తర్‌లో ఎవరో రాసిన "షెడ్డూ ఇల్లూ ఒకే మంజూరు" అనే ఆ ఒక్క వాక్యాన్ని చేనేత దగ్గర ఆపకుండా నగలకీ, అద్దకానికీ కూడా రాయమని అడుగుతున్నాను. ప్రతి కాలనీలో ఒక వరస మెరక మీద మగ్గాలకి. ప్రతి కాలనీలో ఒక పెద్ద హాలు, సరుకు తెచ్చి ఇచ్చి తీసుకెళ్లడానికి, రోజూ రెండుసార్లు ఊళ్లోకి బస్సు. కాలవ గట్టున ఆరబెట్టడానికి ఒక ఎకరం, దాని మీద ఇంకో ఇల్లు కట్టకూడదని రాసిన పట్టా.

పోయినేడు ఇదే అడిగితే ఒక అఫ్సర్, "అలాంటి హెడ్ ఆఫ్ అకౌంట్ లేదండీ" అన్నాడు. ఇళ్లకి ఒక పద్దు, పరిశ్రమలకి ఒక పద్దు, చేనేతకి ఇంకో పద్దు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయన టేబుల్ మీద ఉన్న కాగితం అలాగే ఉంది. ఆ కాగితం మార్చేవాళ్లు అమరావతిలో ఉంటారు. గూడూరు మీదుగా పోతే రెండు గంటల దారి.